తల్లిపొర

డాక్టర్ లెంక సింహాద్రి హస్తవాసి గురించి కొండల కింద ఊళ్లన్నింటికీ తెలుసు. అక్కడి పందుల సంతతి కేంద్రంలో పదహారేళ్లుగా మగపందుల నుంచి వీర్యం సేకరించేది అతనే. కొత్త మనిషి దొడ్లో కాలు పెడితే గోడలు అదిరేలా గుర్రుమనే బంగార్రాజు, మూడు వందల కిలోల తెల్ల మగపంది, సింహాద్రి వచ్చి మెడమీద రెండు తట్లు తడితే చాలు, బుద్ధిగా వెళ్లి చెక్క బొమ్మపంది మీదికి ఎక్కేది. సేకరించిన వీర్యాన్ని పలుచన చేసి, ప్లాస్టిక్ సంచుల్లో నింపి, చల్లని పెట్టెల్లో సర్ది ఊళ్లకు పంపేవాళ్లు. మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు. ఆ తర్వాత ఆ సంచిలో ఉన్నది ఉత్త నీళ్లతో సమానం. అందుకే రోడ్డు లేని, కరెంటు నిలవని కొండమీది గూడేలకు సింహాద్రి హస్తవాసి ఎన్నడూ అందలేదు.

అక్కడికి అందించే దారి కనిపెట్టింది అతని భార్య ఇందుమతి.

ఆమె రసాయన శాస్త్రజ్ఞురాలు. పన్నెండేళ్ల కాపురంలో పదేళ్లు ఆమె విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో, అతను ఇక్కడ. శని, ఆదివారాల సంసారం. రెండేళ్ల కిందట ఆమె ఒక గాజు తొట్టిని ఒడిలో పెట్టుకుని జీపు దిగింది. తొట్టిలో తాటిబెల్లం నీళ్లు, నీళ్లమీద మీగడలా తేలుతున్న ఒక తెల్లటి పొర. తల్లిపొర అనేదామె దాన్ని. ఆ పొరను నేసేది ఒక సూక్ష్మజీవి. ఆడపంది గర్భనాళం లోపలి గోడకుండే గుణాన్ని ఇందుమతి దానికి నేర్పింది. ఆ పొరతో కుట్టిన సంచిలో వీర్యం పోస్తే కణాలు సంచిలో ఉన్నామనుకోవు, తల్లి కడుపులో ఉన్నామనుకుని గోడకు ఆనుకుని విశ్రాంతి తీసుకుంటాయి. పెట్టె అక్కర్లేదు, మంచు అక్కర్లేదు.

"ఎన్నాళ్లుంటాయి?" అని అడిగాడు సింహాద్రి.

"నెల."

అతను నవ్వాడు. ఇందుమతి వాదించలేదు. ఒక సంచి నింపి, పడమటి ఎండ పడే కిటికీ పక్కన మేకుకు తగిలించింది. ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం దాన్ని విప్పి, ఒక చుక్క గాజుపలకమీద వేసి, మైక్రోస్కోపు అతని వైపు తిప్పింది. కన్ను ఆనించే ముందు సింహాద్రి మనసులో ఒక కోరిక కదిలింది. అవి చచ్చి ఉండాలని. ఆ కోరికకు అతనే ఉలిక్కిపడ్డాడు. కింద వెలుగులో కణాలన్నీ వానాకాలపు చేపపిల్లల్లా గుంపులుగా ఈదుతున్నాయి.

"ఎలా ఉన్నాయి?" ఆమె గొంతులో చిన్నపిల్ల ఆత్రం.

"బాగానే ఉన్నాయి" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంతసేపు పట్టిందో ఆమె గమనించలేదు.

ఆ తర్వాత కేంద్రంలో అన్నీ మారిపోయాయి. డైరెక్టర్ పట్నాయక్ గారు సమావేశాల్లో ఇందుమతి పక్కన కుర్చీ వేయించుకునేవారు. పై ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకు ఆమెను ముందు పరిచయం చేసి, "వీరు వారి భర్త, ఇక్కడే పనిచేస్తారు" అనేవారు. పదహారేళ్ల చాకిరీ ఆ "ఇక్కడే"లో ఇరుక్కుపోయింది. సింహాద్రి నవ్వుతూ నమస్కారం పెట్టేవాడు. ఇంటికొచ్చాక ఆమె మాట్లాడిన అంకెల్లో తప్పు వెతికేవాడు. ఒకసారి దశాంశం దగ్గర చిన్న పొరపాటు దొరికితే ఆ రోజు అన్నం ఇష్టంగా తిన్నాడు.

సంచుల్ని బయటికి పంపే ముందు ఇందుమతి పదహారు పేజీల జాబితా ఒకటి తయారు చేసింది. వీర్యాన్ని ఏ వస్తువు తాకవచ్చో, ఏది తాకకూడదో అందులో ఉంది. ఏ గ్లాసు, ఏ వడపోత గుడ్డ, ఏ గొట్టం. నాలుగో పేజీలో చేతి తొడుగులు. రబ్బరువి వద్దే వద్దు, కడిగినవైనా వద్దు, పొడి లేని వినైల్ తొడుగులే వాడాలి.

ఆ పేజీ దగ్గర సింహాద్రి ఆగిపోయాడు. రబ్బరు మంచిది కాదని అతనికీ తెలుసు, చదువుకున్నాడు. కానీ వినైల్ తొడుగు జారుతుంది, పట్టు తెలియదు. అతను రబ్బరు తొడుగుల్ని నాలుగు నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి వాడేవాడు. అలా తీసిన వీర్యంతో పదహారేళ్లుగా ఆడపందులు గంపెడేసి పిల్లల్ని ఈనుతూనే ఉన్నాయి.

"నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాడు.

"అడగడానికేముంది? ఇది తెలిసిన సంగతే కదా" అంది ఆమె, తల ఎత్తకుండా మరో పేజీ సరిచేసుకుంటూ.

ఆమెకు అది మామూలు మాట. అతనికి చెంపమీద కొట్టినట్టయింది. చివరి పేజీలో 'చదివాను' అని సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున దొడ్లోకి వెళ్తూ తన రబ్బరు తొడుగులే వేసుకున్నాడు. అటెండర్ పైడయ్య చూశాడు.

"అమ్మగారు ఇవి వొద్దన్నారు కదండీ?"

"అమ్మగారు పంది దగ్గరికి ఎన్నిసార్లొచ్చారు పైడయ్యా?"

పైడయ్య వెళ్లి దొడ్డి తలుపు తీశాడు.

కేంద్రంలో ఉన్న ఆడపందులమీద ముందుగా పరీక్ష చేశారు. నింపిన రెండో రోజే వాడారు కాబట్టి అన్నీ సూడి కట్టాయి. సంచులు కొండెక్కాయి. పదకొండు గూడేల్లో ఆడవాళ్ల సంఘాలు వాటిని అందుకున్నాయి. వాళ్లకు నాయకురాలు నిమ్మక చిలకమ్మ, యాభై దాటిన మనిషి. ఆమె కొండ దిగొచ్చి ఇందుమతి చేతిలో ఒక బుట్టెడు అడవి దుంపలు పెట్టింది. "మా ముసలి మగపందిని ఇచ్చేసినామమ్మా. ఇంక నీ సంచులే మాకు దిక్కు" అంది నవ్వుతూ. ఆ రాత్రి దుంపల కూర అందరికీ కమ్మగా ఉంది. సింహాద్రికి చేదుగా తగిలింది.

ఆషాఢంలో అతనికి జ్వరమొచ్చి అయిదు రోజులు మంచం దిగలేదు. ఆ అయిదు రోజులూ పైడయ్యే సేకరించాడు. "ఎలా చేశావు?" అని తర్వాత అడిగితే, "అమ్మగారి కాగితంలో ఉన్నట్టే చేసినానండి" అన్నాడు ముసలాయన గర్వంగా. సింహాద్రికి ఆ గర్వం కూడా నచ్చలేదు.

శ్రావణం మొదట్లో కబురొచ్చింది. గూడేల్లో పందులు మళ్లీ ఎదకొస్తున్నాయి. ముందు ఒక గూడెం, తర్వాత నాలుగు. కొన్ని సూడి కట్టినట్టే కనబడి, కడుపులు పెరగక ఆగిపోయాయి. తిరిగొచ్చిన సంచులు విప్పి చూస్తే కణాలు చురుగ్గా ఈదుతూనే ఉన్నాయి.

ఆ కబురు విన్నప్పుడు సింహాద్రి గుండెల్లో, మండుటెండలో చల్లని మజ్జిగ తాగినంత హాయి దిగింది. ముఖం మాత్రం గంభీరంగా పెట్టి, "ఇంత తొందరగా పంపకుండా ఉండాల్సింది ఇందూ" అన్నాడు.

పట్నాయక్ గారు విచారణ అతనికే అప్పగించారు. "మీ భార్య అని చూడకండి డాక్టర్ గారూ" అన్నారు. చూడాల్సిన అవసరం అతనికి లేదు. నేరం ముందే తేలిపోయింది. తాజాగా వాడితే పనిచేసి, నిలవ ఉంటే చెడుతోందంటే సంచి గోడలోంచే ఏదో విషం ఊరుతోందన్నమాట. అది రుజువు చేయడమే మిగిలింది.

పంపిన తేదీలు, గూడేల పేర్లు ఒక పెద్ద కాగితంమీద రాసుకుంటూ వచ్చాడు. పది గూడేల్లో దాదాపు అన్నీ ఖాళీ. తోయకగూడలో మాత్రం తొమ్మిది పందులకు తొమ్మిదీ సూడి. అక్కడికి వెళ్లిన సంచులు ఇరవై రోజులు నిలవున్నవే. పొర వేరే రకమేమోనని చూశాడు. కాదు, అదే తల్లిపొర నుంచి, అదే తొట్టి నుంచి, అదే వారం తీసింది. నింపిన తేదీలు చూశాడు. ఆషాఢంలో ఆ అయిదు రోజులు. ఎదురుగా వంకరటింకర అక్షరాల్లో పైడయ్య సంతకం.



తర్వాత శాస్త్రజ్ఞుడు చేయాల్సిన పని చేశాడు. బంగార్రాజు నుంచి వినైల్ తొడుగుతో ఒకేసారి తీసిన వీర్యాన్ని రెండు సంచుల్లో పోశాడు. ఒక సంచిలో తన రబ్బరు తొడుగు నుంచి కత్తిరించిన గోరంత ముక్క వేశాడు. త్వరగా తేలడానికి రెండింటినీ వెచ్చగా ఉంచాడు. నాలుగో రోజు పొద్దున, కబేళా నుంచి తెప్పించిన ఆడపంది అండాలను రెండు పలకల మీద పెట్టి, వాటిమీద చెరొక చుక్క వేశాడు. మొదటి పలకలో కణాలు ఈదుకుంటూ వెళ్లి అండాన్ని చుట్టుముట్టి అంటుకున్నాయి. రెండో పలకలోనూ అంతే చురుగ్గా ఈదాయి. అండం దాకా వెళ్లాయి. దాని చుట్టూ తిరిగాయి. దేనికొచ్చాయో మరిచిపోయినట్టు పక్కకు పోయాయి.

పాత ప్లాస్టిక్ సంచిలో మూడు రోజుల్లో అయిపోయే కథ కాబట్టి రబ్బరు మరకకు ఎన్నడూ సమయం చాలలేదు. ఇందుమతి సంచి కణాలను నెల రోజులు బతికించింది. ఆ నెల రోజులూ మరక తన పని తాను చేసుకుపోయింది. తప్పు సంచిది కాదు, అతని చేతిది.

గూడేల పేర్లు రాసిన కాగితాన్నీ, ఫలితాలు రాసిన కాగితాన్నీ మడిచి సొరుగులో పెట్టాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఇందుమతి ఎన్నడూ లేనిది అయిదింటికే ఇంటికొచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర నేలమీద కూర్చుండిపోయి, "నాకేమీ అర్థం కావట్లేదు సింహాద్రీ. ఎక్కడ తప్పు చేశానో నువ్వే చూడు" అంది. ఆమె అతన్ని అలా అడిగి ఎన్నేళ్లయిందో. అతను టీ పెట్టిచ్చాడు. పక్కన కూర్చుని ఆమె జుట్టు నిమిరాడు. ఆమె తల అతని భుజంమీద వాల్చింది.

మర్నాడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో వాళ్ల కాపురం పెళ్లయిన కొత్తల్లోలా ఉంది. ఆమె ప్రతి చిన్నదానికీ అతని సలహా అడిగేది. అతను ఆమెకిష్టమని చింతచిగురు వెతికి తెచ్చేవాడు, కాళ్లు పట్టేవాడు, నిద్ర పట్టకపోతే కబుర్లు చెప్పేవాడు. పట్నాయక్ గారు మళ్లీ అతని గదికి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టారు. పైనుంచి ఫోను వస్తే "మా సింహాద్రి గారు చూస్తున్నారు" అనేవారు. సొరుగు తాళంచెవి జేబులో ఉండేది. అది తగిలినప్పుడల్లా చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

పరీక్ష జరిగిన ఆరో రోజు ఇందుమతి గూడేలకు వెళ్తానంది. అతనే జీపు నడిపాడు. చిలకమ్మ ఇంటి ముందు ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఇందుమతి వాళ్ల మధ్య నేలమీద కూర్చుని, తప్పు తనదేనని చెప్పి, చేతులు జోడించింది. సింహాద్రి జీపు దిగలేదు. తెరిచిన తలుపులోంచి చిలకమ్మ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నా మల్లిని గొడ్డుదనుకుని కోతకి ఇచ్చీసినానమ్మా. నా కూతురి పురిటినాడు పుట్టిన పంది అది. నా ఎనకే తిరిగేది. దాని తప్పేటీ నేదంటున్నావు నువ్విప్పుడు."

ఇందుమతి ఏడ్చింది. చిలకమ్మే ఆమె వీపు నిమిరి, నీళ్లు తాగించి పంపింది. తిరుగుదారిలో ఇందుమతి కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు పక్కనున్నావు కాబట్టి వెళ్లగలిగాను" అంది. అతను గేరు మార్చాడు.

పదిహేనో రోజు ఆమె తల్లిపొరను చంపేయాలని నిర్ణయించుకుంది. నాలుగేళ్ల ప్రయత్నంలో ఒకే ఒక్కసారి కుదిరిన పొర అది. చల్లబెడితే చచ్చిపోతుంది, ఎండబెడితే నేర్చిందంతా మరిచిపోతుంది. సంచిగా కుట్టాక ఆ ముక్క మరి పెరగదు. గాజు తొట్టిలో ఉన్నదొక్కటే దాని వంశం.

"ఇది ఇంకొకరి చేతిలో పడితే ఇంకెన్ని ఊళ్లు మునుగుతాయో. ఉంచితే నాకే మళ్లీ ఆశ పుడుతుంది" అంది.

"కొన్నాళ్లు ఆగరాదూ?" అన్నాడు అతను. అంతవరకే అన్నాడు.

ప్రయోగశాల వెనక పెద్ద గిన్నెలో నీళ్లు మరిగాయి. ఇందుమతి రెండు చేతులతో పొరను తొట్టిలోంచి ఎత్తింది. తడిసిన దుప్పటిలా బరువుగా వేలాడింది. "నా భుజం పట్టుకో" అంది. అతను పట్టుకున్నాడు. పొర మరిగే నీళ్లలోకి జారి, ఒక్కసారి ఉబ్బి, ముడుచుకుని, పసుపు రంగులోకి తిరిగింది. నోరు తెరవడానికి అతనికి ఆ కొద్ది క్షణాలూ ఉన్నాయి. అవి కూడా అయిపోయాయి.

మరి నాలుగు రోజులకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇందుమతి భోజనాల బల్లమీద కాగితాలు పరుచుకుని రాజీనామా రాసింది. చదివి చెప్పమని అతనికిచ్చింది. రెండో పేరాలో ఇలా ఉంది: 'ఈ వైఫల్యంలో డాక్టర్ సింహాద్రికి ఏ భాగమూ లేదు. సేకరణ పని ఆయన చేతిలో ఎప్పుడూ నిర్దోషంగానే జరిగింది. ఆ పనికి దక్కాల్సినంత గౌరవం నా హడావుడిలో దక్కలేదు. అందుకు క్షమాపణ కోరుతున్నాను.'

అతను ఆ పేరా రెండుసార్లు చదివాడు. అక్షరాలు కదిలిపోయాయి.

"ఇది కొట్టేయ్ ఇందూ."

"ఎందుకు? నిజమే కదా."

"కాదు." రాజీనామా బల్లమీద పెట్టాడు. "నేను రబ్బరు తొడుగులు మానలేదు. నీ జాబితామీద సంతకం పెట్టి, మానలేదు. తప్పు సంచిది కాదు. పరీక్ష చేశాను. తోయకగూడ సంచులు పైడయ్య నింపాడు, నీ కాగితం ప్రకారం. అందుకే అవొక్కటే నిలిచాయి."

ఇందుమతి కలం మూత పెట్టింది.  అరుస్తుందనుకున్నాడు. తొడుగుల గురించి అడుగుతుందనుకున్నాడు.

"పరీక్ష ఎప్పుడు చేశావు?"

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఎన్నాళ్లయింది సింహాద్రీ, నీకు తెలిసి?"

"పంతొమ్మిది రోజులు."

ఆమె వేళ్లమీద వెనక్కి లెక్కపెట్టుకుంది. చిలకమ్మ ఇంటి ముందు కూర్చున్న రోజు దగ్గర వేలు ఒకసారి ఆగింది. గిన్నెలో నీళ్లు మరిగిన రోజు దగ్గర మళ్లీ ఆగింది.

"తొడుగులు పొరపాటే. నేనూ నిన్ను అడగకుండా రాశాను, నీకు కోపమొచ్చింది. అది నాకర్థమవుతుంది" అంది నెమ్మదిగా. "కానీ ఈ పంతొమ్మిది రోజులూ నువ్వు నాతో ఎంత బాగున్నావు! ఇంత బాగా నువ్వు ఎప్పుడూ లేవు. నేను ఓడిపోతే తప్ప నువ్వు నన్ను ప్రేమించలేవా?"

 అతని దగ్గరున్న జవాబు చెప్పదగ్గది కాదు.

"గూడేనికి వెళ్లి నువ్వే చెప్పు. ఈసారి నేను రాను."

మర్నాడు అతను ఒక్కడే కొండెక్కాడు. ఆడవాళ్లందరినీ పిలిపించి, నిలబడే చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. చిలకమ్మ అంతా విని, ఒక్కటే అడిగింది.

"ఆ అమ్మ మా కాళ్లకాడ కూకుని ఏడిసిననాడు నువ్వు జీపులో ఉన్నావు గదా బాబూ. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు సెప్పనేదు?"

"ఆమెను చూసి ఓర్వలేక" అన్నాడు సింహాద్రి. ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదలు.

చిలకమ్మ లేచి లోపలికెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచారు. అతను వాకిట్లో ఎండలో కాసేపు నిలబడి, జీపెక్కాడు.

విచారణ నివేదిక అతనే రాశాడు. ఉన్నదున్నట్టు రాశాడు. సేకరణ పని అతని దగ్గర్నుంచి తీసేసి పైడయ్యకు అప్పగించారు. అతనికి గొట్టాలు ఉడకబెట్టి, వస్తువులు జాబితా ప్రకారం సరిచూసే పని మిగిలింది. పొర చావకముందు కుట్టి మిగిలిన సంచుల్ని పైడయ్య నింపితే, అతనే స్వయంగా ఊరూరూ తీసుకెళ్లి, పందులు ఎదకొచ్చేదాకా గూడేల్లోనే ఉండి వచ్చేవాడు. కొందరు ఇంట్లోకి రానిచ్చారు, కొందరు రానివ్వలేదు. ఇందుమతి రాజీనామా చించేసింది గానీ, తన మంచాన్ని ప్రయోగశాల పక్క గదిలోకి మార్చుకుంది. పనిలో "మీరు" అని పలకరించేది. ఇంట్లో పలకరించడానికి ఆమె ఇంటికి రాలేదు.

తల్లిపొర మళ్లీ కుదరడానికి మూడేళ్లు పట్టింది. మొదటిదానంత కాలం నిలవదు, ఇరవై రోజులే. ఆ ఇరవై రోజులు చాలని గూడేల్లో రుజువైంది. ఒక సోమవారం పొద్దున ఆ పరిశోధన అచ్చయిన పత్రిక కేంద్రానికొచ్చింది. కింద పైడయ్యకూ, చిలకమ్మ సంఘానికీ కృతజ్ఞతలు ఉన్నాయి. పైన ఒక్కటే పేరు, ఇందుమతిది.

మధ్యాహ్నం సింహాద్రి ఆమె గది గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. రావద్దనీ అనలేదు.

"పత్రిక చూశాను" అన్నాడు. "చాలా బాగుంది. నా పేరు ఉండదని తెలుసు, ఉండకూడదు కూడా. అయినా కళ్లు వెతికాయి ఇందూ. కనబడకపోతే లోపల పాత మంట ఒకసారి భగ్గుమంది. అది పోయిందనుకున్నాను. పోలేదు. నీకు చెబుదామని వచ్చాను."

ఇందుమతి చేతిలో పని ఆపి అతని వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆమె చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. అది ఇంత దగ్గరగా అతను ఇప్పుడే చూస్తున్నాడు.

"పత్రిక ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

"ఇవాళే. పొద్దున."



"అయితే ఈసారి ఆ రోజే చెప్పావు" అంది. అని, పక్కనున్న స్టూలు కాలితో అతని వైపు జరిపింది.